గేమింగ్ ఫోరంలో దూషణలు ఆగాలంటే అసలు పేర్లు తప్పనిసరి చేయాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక ఆన్‌లైన్ ఆట గురించి మాట్లాడుకునే ఫోరంను మీరు మరికొందరితో కలిసి నడుపుతున్నారు. సభ్యులు పెరిగేకొద్దీ బూతులు, వ్యక్తిగత దూషణలు, ముఖ్యంగా మహిళా సభ్యులకు వేధింపులు ఎక్కువయ్యాయి. ఇకపై ప్రతి ఒక్కరూ గుర్తింపు కార్డు చూపి అసలు పేరుతోనే రాయాలన్న నిబంధన పెడదామని మీ తోటి నిర్వాహకులొకరు పట్టుబడుతున్నారు. అది పనిచేస్తుందా, పనిచేయకపోతే మరేం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను: ఆ నిబంధన పెట్టకండి. అది మీరు ఆశించినంతగా దూషణలను తగ్గించదు. పైగా ఇప్పటికే వేధింపులకు గురవుతున్నవారిని మరింత ప్రమాదంలోకి నెడుతుంది. పోగొట్టుకుంటే బాధ కలిగేంత విలువ ఒక పేరుకు వచ్చినప్పుడే మనిషి ఆ పేరుతో ఆచితూచి మాట్లాడతాడు. ఆ పేరు పుట్టినప్పుడు పెట్టినదైనా, సభ్యుడు తానే ఎంచుకున్నదైనా ఈ విషయంలో తేడా లేదు. నేను చాలా ఏళ్లుగా గేమింగ్ ఫోరంలలో మోడరేటరుగా, అంటే పోస్టులను, ఫిర్యాదులను చూసుకునే వ్యక్తిగా పనిచేస్తున్నాను, కొత్త మోడరేటర్లకు శిక్షణ కూడా ఇస్తున్నాను. ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చానో వివరంగా రాస్తాను.

ముందు ఒక స్పష్టత అవసరం. ఈ చర్చ వచ్చిన ప్రతిచోటా నాలుగు వేర్వేరు పద్ధతులను కలగాపులగం చేసి మాట్లాడుతుంటారు. ఏ పేరూ లేకుండా, నిన్న రాసినవారు, ఈరోజు రాసినవారు ఒకరో కాదో కూడా తెలియని పూర్తి అజ్ఞాతం మొదటిది. ఏళ్ల తరబడి ఒకే మారుపేరుతో కొనసాగడం రెండవది. గేమర్లలో అత్యధికులు ఉండేది ఇక్కడే. నిర్వాహకులకు అసలు పేరు తెలిసి, తోటి సభ్యులకు మాత్రం మారుపేరే కనిపించడం మూడవది. అసలు పేరు అందరికీ కనిపించడం నాలుగవది. మీ సహచరులు మొదటి పద్ధతిలోని దోషాలను చూపి నాలుగవ పద్ధతిని కోరుతున్నారు. కానీ మీరు వర్ణించిన ఫోరం రెండవ కోవకు చెందింది, కాబట్టి ఆ వాదన మీకు వర్తించదు.

నాలుగవ పద్ధతి గేమింగ్ ప్రపంచంలో ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది. 2010 జూలై 6న ఆటలు తయారుచేసే బ్లిజర్డ్ సంస్థ తన అధికారిక ఫోరంలలో ఇకపై పోస్టు రాసే ప్రతి ఒక్కరి అసలు పేరు, ఇంటిపేరు కనిపిస్తాయని ప్రకటించింది. మొదట స్టార్‌క్రాఫ్ట్ 2 ఫోరంలో, తరువాత వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఫోరంలలో అమలు చేయాలన్నది ఆలోచన. కారణం మీ సహచరులు చెబుతున్నదే: ట్రోలింగ్ తగ్గాలి, చర్చలు సభ్యంగా సాగాలి. సభ్యుల నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. భయపడాల్సిందేమీ లేదని చూపడానికి సంస్థ ఉద్యోగి ఒకరు తన అసలు పేరును ఫోరంలో రాయగా, ఎంతోసేపు గడవకముందే ఆ ఒక్క పేరు ఆధారంగా ఆయన చిరునామా, ఫోను నంబరు, కుటుంబ వివరాలంటూ జనం వెతికి బయటపెట్టడం మొదలైంది. జూలై 9న, అంటే మూడు రోజులకే, సంస్థ అధిపతి మైక్ మోర్‌హైమ్ ఆ ప్రతిపాదనను విరమించుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ తరువాతి కాలంలో అదే సంస్థ బ్యాటిల్‌ట్యాగ్ అనే ఏర్పాటు తెచ్చింది. ఆటగాడు ఎంచుకున్న పేరు, దాని వెనుక కొన్ని అంకెలు, అన్ని ఆటల్లోనూ అదే గుర్తింపు. అసలు పేర్లు కోరిన సంస్థ చివరకు స్థిరమైన మారుపేరు దగ్గరకు చేరుకుందన్న విషయాన్ని మీ సహచరులకు తప్పక చెప్పండి.

మూడవ పద్ధతి, అంటే గుర్తింపును తెరవెనుక ధ్రువీకరించే పద్ధతి, ఇంకా పెద్ద స్థాయిలో దక్షిణ కొరియాలో అమలైంది. రోజుకు 3 లక్షల మందికి పైగా సందర్శించే వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే గుర్తింపు ధ్రువీకరణ ఉండాలని 2007లో చట్టం తెచ్చారు, 2009లో ఆ పరిమితిని లక్షకు తగ్గించారు. పైకి మారుపేరు కనిపించవచ్చు, కానీ వెనుక ప్రభుత్వ నమోదు సంఖ్య ఉండాలి. 2012 ఆగస్టు 23న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఈ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. చట్టవిరుద్ధమైన పోస్టులు చెప్పుకోదగినంతగా తగ్గిన దాఖలా లేదని, వాడుకరులు విదేశీ సైట్లకు తరలిపోయారని, భావప్రకటన స్వేచ్ఛకు కలిగిన నష్టం మాత్రం స్పష్టంగా ఉందని న్యాయమూర్తులు తేల్చారు.

ఆ తీర్పుకు ముందు సంవత్సరంలోనే అక్కడ మరో నష్టం బయటపడింది: ఒకచోట పోగుపడిన వ్యక్తిగత వివరాల దొంగతనం. 2011 జూలైలో నేట్, సైవరల్డ్ సేవలను నడిపే ఎస్‌కే కమ్యూనికేషన్స్ నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. అదే ఏడాది నవంబరులో మేపుల్‌స్టోరీ ఆటను నడిపే నెక్సాన్ నుంచి 1.32 కోట్ల మంది ఆటగాళ్ల వివరాలు పోయాయి. ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. గేమర్లు ఎక్కువగా మాట్లాడుకునే డిస్కార్డ్ అనే సేవ తరఫున వినియోగదారుల ఫిర్యాదులు చూసే బయటి సంస్థ ద్వారా సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటికి పొక్కి ఉండవచ్చని 2025 అక్టోబరులో డిస్కార్డే వెల్లడించింది. వయసు నిర్ధారణ విషయంలో వచ్చిన వివాదాల పరిష్కారానికి సభ్యులు పంపిన కార్డులవి. మీ దగ్గర లేని సమాచారం మీ దగ్గరి నుంచి పోదు. జీతాలిచ్చి భద్రతా నిపుణులను పెట్టుకున్న సంస్థలే కాపాడలేకపోయిన కార్డులను, తీరిక వేళల్లో ఫోరం నడిపే నలుగురైదుగురు కాపాడగలరని నేను నమ్మను. పైగా మీ నిర్వాహకుల్లో ఒకరు రేపు గొడవపడి బయటికి వెళ్లిపోతే, అప్పటివరకు వారు చూసిన కార్డుల సంగతేమిటో కూడా ఆలోచించండి.

ఇక అసలు పేరు పెడితే సిగ్గుపడి ఊరుకుంటారన్న ఊహ ఎందుకు తప్పుతోందో చూద్దాం. ఆ ఊహ వెనుక, దూషించేవాడికి తాను చేస్తున్నది తప్పని తెలుసు, పట్టుబడతానన్న భయం ఒక్కటే లేదు అన్న నమ్మకం ఉంది. నా అనుభవంలో అలాంటివారు ఉన్నా, వారి సంఖ్య తక్కువ. ఎక్కువమంది తామే న్యాయం పక్షాన ఉన్నామనుకుంటూ దూషిస్తారు: తమ జట్టును ఓడించినవాడికి బుద్ధి చెబుతున్నామని, ఆటను పాడుచేసిన డెవలపర్‌ను నిలదీస్తున్నామని, తప్పుడు గైడ్ రాసినవారి బండారం బయటపెడుతున్నామని అనుకుంటారు. అలా అనుకునేవాడికి తన పేరు కనిపించడం గర్వకారణమే తప్ప అడ్డంకి కాదు. కాత్యా రోస్ట్, లేయా స్టాహెల్, బ్రూనో ఫ్రై 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక జర్మన్ పిటిషన్ల వేదికపై వచ్చిన వ్యాఖ్యలను పరిశీలించి, అసలు పేరుతో రాసినవారే అజ్ఞాతంగా రాసినవారికంటే ఎక్కువ దురుసుగా రాసినట్టు చూపారు. అది గేమింగ్‌కు సంబంధించినది కాదు కనుక యథాతథంగా అన్వయించలేం, కానీ మోడరేటరుగా నేను చూసినదానికి అది దగ్గరగా ఉంది.

మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లో రాసిన వ్యాసం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ముఖాముఖి అనలేని మాటలు ఆన్‌లైన్‌లో ఎందుకు అనేస్తామో వివరిస్తూ ఆయన ఆరు కారణాలు చెప్పారు. వాటిలో అజ్ఞాతం ఒకటి మాత్రమే. ఎదుటివారి ముఖం కనిపించకపోవడం, మాటకు జవాబు వెంటనే రాకపోవడం, అక్కడ అధికారం ఎవరిదో తెలియకపోవడం వంటివి మిగిలిన వాటిలో ఉన్నాయి. మీరు పేర్లు మార్చినా ముఖం కనిపించదు, జవాబు ఆలస్యంగానే వస్తుంది. నిర్వాహకులుగా మీరు నిజంగా మార్చగలిగినది ఆ చివరి అంశాన్ని: ఇక్కడ చూసేవారున్నారు, అడిగేవారున్నారు అన్న స్పృహను కలిగించడం.

నష్టపోయేది ఎవరన్నది అన్నింటికంటే ముఖ్యం, దీని గురించి నేను కాస్త ఎక్కువగానే రాస్తాను. అసలు పేరు అనేది అందరికీ ఒకే బరువు కాదు. చాలామందికి ఉండే సాధారణమైన పేరు గలవారు అసలు పేరు రాసినా గుంపులో కలిసిపోతారు. అరుదైన పేరు గలవారు ఒక్క వెతుకులాటకే దొరికిపోతారు. పేరు చూడగానే స్త్రీ అని, ఫలానా మతమని, ఫలానా ప్రాంతమని తెలిసిపోయేవారికి ఆ క్షణం నుంచే వేరే రకమైన జవాబులు మొదలవుతాయి. ఉద్యోగమిచ్చినవారు, చదువు చెప్పేవారు, విడిపోయిన భాగస్వామి, ఇంట్లో పెద్దలు చూస్తారన్న భయం ఉన్నవారు రాయడమే మానేస్తారు. దూషణలు తగ్గించాలని పెట్టిన నియమం వల్ల మొదట వెళ్లిపోయేది దూషణలకు గురైనవారే.

నాకు తెలిసిన ఒక ఫోరంలో ఆడో మగో తెలియని మారుపేరుతో ఒక సభ్యురాలు అద్భుతమైన గైడ్లు రాసేవారు. చాలామంది ఆటగాళ్లు కలిసి ఎదుర్కొనే క్లిష్టమైన రెయిడ్లను ఏ క్రమంలో పూర్తిచేయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆమె రాసిన తీరును ఎందరో గిల్డ్ (ఆటగాళ్ల బృందం) నాయకులు తమ జట్లకు పాఠంలా చెప్పేవారు. ఒక వాదనలో ఓడిపోయిన మరో సభ్యుడు ఆమె పాత ఖాతాలను తవ్వి, అసలు పేరు, పనిచేసే చోటు ఒక థ్రెడ్‌లో పెట్టాడు. మోడరేటర్లు త్వరగానే తొలగించారు, అతన్ని శాశ్వతంగా నిషేధించారు. అయినా ఆమె వ్యక్తిగత సందేశాల పెట్టె నిండిపోయింది, ఆమె మళ్లీ రాయలేదు. అంతకుముందు అన్నేళ్లూ ఆమె ఆ ఫోరంలో బాధ్యతగా ఉండడానికి అసలు పేరు అవసరం కాలేదు, ఆమె మౌనంగా వెళ్లిపోవడానికి మాత్రం అసలు పేరు బయటపడడం చాలింది.

ఇంతకంటే ఘోరమైనవీ జరిగాయి. 2017 డిసెంబరు 28న అమెరికాలోని విచిటా నగరంలో, కాల్ ఆఫ్ డ్యూటీ మ్యాచ్‌పై మొదలైన గొడవ పోలీసులకు తప్పుడు ఫోన్ కాల్‌గా మారింది. ఘోరమైన నేరం జరుగుతోందని అబద్ధం చెప్పి సాయుధ పోలీసులను ఒకరి ఇంటి మీదికి పంపే దీన్నే స్వాటింగ్ అంటారు. ఆ కాల్‌లో ఇచ్చిన చిరునామా గొడవపడినవారిది కాదు. ఆటతో ఏ సంబంధమూ లేని ఒక వ్యక్తి తన ఇంటి గుమ్మంలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఫోన్ చేసినవాడికి 2019లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. పేరు నుంచి చిరునామాకు వెళ్లే దారి ఎంత సులువుగా ఉంటే ఇలాంటి ప్రమాదం అంత దగ్గరగా ఉంటుంది. ఆ దారిని మన చేతులతో మనమే వేయకూడదు.

అయితే మారుపేర్లకు ఒక నిజమైన బలహీనత ఉంది. దానిని ఒప్పుకోకపోతే మీ సహచరుల వాదనకు న్యాయం చేసినట్టు కాదు. మారుపేరు చవకగా దొరికితే దానికి విలువ ఉండదు. నిషేధించిన పది నిమిషాలకే మరో పేరుతో వచ్చేవాడిని మారుపేరు ఏ విధంగానూ అదుపు చేయదు. ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అనే పరిశోధకులు 2001లో ఈ సమస్యనే గణితపరంగా విశ్లేషించారు. పేర్లు చవకైనచోట కొత్తవారినందరినీ కొంత అనుమానంతో చూడక తప్పదని, కొత్తవారు నమ్మకాన్ని కొంత కాలం పాటు సంపాదించుకోవలసి వస్తుందని వారి వాదన. నేను ఇచ్చే సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది: అసలు పేరు అడగడానికి బదులు మారుపేరును ఖరీదైనదిగా చేయండి.

ఖరీదు అంటే డబ్బే కానక్కరలేదు. కొన్ని పాత ఆన్‌లైన్ సమాజాలు, ఉదాహరణకు 5 డాలర్లు తీసుకున్న మెటాఫిల్టర్ అనే చర్చా వేదిక, ప్రవేశానికి రుసుము పెట్టి తాత్కాలిక ఖాతాలను అడ్డుకున్నాయి. కానీ చెల్లింపు అంటే మళ్లీ గుర్తింపు సమాచారమే, పైగా చిన్న వయసువారికి అడ్డంకి. నేను కాలాన్ని, శ్రమను ఖరీదుగా పెట్టడానికి మొగ్గు చూపుతాను. కొత్త ఖాతాకు మొదటి కొన్ని రోజులు రోజుకు పరిమిత సంఖ్యలోనే పోస్టులు రాసే వీలుండాలి, లింకులు, చిత్రాలు పెట్టే వీలు ఉండకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా కొత్త ఖాతా నుంచి వ్యక్తిగత సందేశాలు పంపే వీలు ఉండకూడదు. వేధింపులో అత్యంత నీచమైన భాగం జరిగేది అక్కడే, ఎవరికీ కనిపించకుండా. డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసమే 0 నుంచి 4 వరకు నమ్మకపు స్థాయిలున్నాయి. చదివిన సమయం, రాసిన తీరు బట్టి సభ్యుడు పై స్థాయికి వెళతాడు. మీ సాఫ్ట్‌వేర్ వేరైనా ఇదే ఏర్పాటును దాదాపు అన్నింటిలోనూ చేసుకోవచ్చు. పేరు మార్చుకోవడాన్ని ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయండి, మార్చినప్పుడు పాత పేరు కూడా కొంతకాలం కనిపించేలా చూడండి. వేధింపుల నుంచి తప్పించుకోవడానికి పేరు మార్చుకోవాలని ఎవరైనా కోరితే మాత్రం ఈ నియమాన్ని సడలించాలి.

ఫోను నంబరు అడగడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది. డోటా 2 ఆట 2017లో ర్యాంకు మ్యాచ్‌లకు ఫోను నంబరు జోడించడం తప్పనిసరి చేసింది. అక్కడ ఒక్కడే అనేక ఖాతాలతో ఆడి పోటీని చెడగొట్టడం అసలు సమస్య కనుక దానికి అర్థముంది. కానీ 2022లో ఓవర్‌వాచ్ 2 ఇదే పని చేసినప్పుడు ప్రీపెయిడ్ నంబర్లను అంగీకరించకపోవడంతో నిజాయితీగా ఆడే ఎందరో బయటే ఉండిపోయారు, సంస్థ ఆ నియమాన్ని సడలించాల్సి వచ్చింది. మాట్లాడుకునే ఫోరంకు ఇంత అవసరం లేదన్నది నా అభిప్రాయం.

తరువాతిది మోడరేషన్ వేగం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటను నడిపే రయట్ గేమ్స్ పరిశోధకులు బహిరంగంగా చెప్పిన ఒక విషయం నా పద్ధతినే మార్చింది: చెడు ప్రవర్తనలో ఎక్కువ భాగం నిత్యం దుర్మార్గంగా ఉండేవారి నుంచి కాక, మామూలుగా మర్యాదగా ఉండే ఆటగాళ్లు ఏదో ఒక చెడ్డ రోజున చేసేదే. అలాంటివారికి శాశ్వత నిషేధం అనవసరం. ఏ వాక్యం, ఏ నియమం కింద తప్పో చూపిస్తూ ఒకటి రెండు రోజుల విరామం ఇస్తే చాలామంది మారతారు. కారణం చెప్పకుండా తొలగించిన పోస్టు కొత్త గొడవకు మూలమవుతుంది, కారణం చెప్పి తొలగించినది మాత్రం చదివే మిగతావారికి కూడా హద్దు ఎక్కడుందో చూపుతుంది. వారం తరువాత తీసుకునే కఠినమైన చర్య కంటే గంటలో తీసుకునే చిన్న చర్య ఎక్కువ పనిచేస్తుంది. కాబట్టి గుర్తింపు కార్డులు సరిచూడడానికి మీరు వెచ్చించబోయే శ్రమను, రాత్రివేళల్లో ఫిర్యాదులు చూసే మరో ఇద్దరు మోడరేటర్లను తయారుచేయడానికి వెచ్చించండి.

ఒక్క విషయంలో మాత్రం మొదటి తప్పుకే శాశ్వత నిషేధం ఉండాలి: మరొకరి అసలు పేరు, ఫొటో, చిరునామా, పనిచేసే చోటు బయటపెట్టడం. ఇదంతా ఇంటర్నెట్‌లో ఇప్పటికే ఉందిగా అన్న సమాధానం ప్రతిసారీ వస్తుంది. చెల్లాచెదురుగా ఉన్న వివరాలను ఒకచోట చేర్చి, కోపంగా ఉన్న గుంపు ముందు పెట్టడమే ఇక్కడి హాని. అందువల్ల ఆ సమాధానాన్ని అంగీకరించకూడదని మీ నిబంధనల్లో ముందే రాసిపెట్టండి.

అసలు పేరు అవసరమయ్యే సందర్భాలూ కొన్ని ఉన్నాయి. ఆట తయారుచేసిన సంస్థ తరఫున మాట్లాడేవారు తాము ఎవరో ధ్రువీకరించుకోవాలి. లేకపోతే వారి పేరిట మోసాలు జరుగుతాయి. నగదు బహుమతులున్న టోర్నమెంటు పెడితే గెలిచినవారి వివరాలు చెల్లింపు కోసం కావాలి. వాటిని గెలిచిన తరువాతే, వారి నుంచి మాత్రమే తీసుకోండి, చట్టం ఉంచమన్న కాలం దాటాక తీసివేయండి. ఇక ప్రాణహాని బెదిరింపుల విషయంలో, మారుపేరు ఎవరినీ చట్టం నుంచి కాపాడదు. సర్వర్ లాగ్‌లలో ఐపీ చిరునామా (సభ్యుడి ఇంటర్నెట్ కనెక్షన్‌ను సూచించే సంఖ్య), నమోదు చేసిన ఈమెయిలు ఉంటాయి. వాటిని పరిమిత కాలం భద్రపరిచి, అధికారులు చట్టబద్ధంగా కోరినప్పుడు ఇవ్వండి. ఎంతకాలం ఉంచుతారో, ఎవరికి ఇస్తారో సభ్యులకు ముందే తెలియజేయండి. బాధితులకు మాత్రం ఆ ఐపీ చిరునామాలు నేరుగా ఇవ్వకండి. వారి మీద ఎంత సానుభూతి ఉన్నా, తప్పుడు ఇంటికి దారిచూపే ప్రమాదం అందులో ఉంది.

ఇష్టమున్నవారు అసలు పేరు పెట్టుకోవచ్చు అన్న రాజీ మీ సమావేశంలో ముందుకు రావచ్చు. పెట్టుకోనివ్వండి, కానీ దానికి ప్రత్యేక గుర్తు, అదనపు హక్కులు ఇవ్వకండి. ఇచ్చిన మరుక్షణం మారుపేరుతో ఉన్నవారు రెండవ శ్రేణి సభ్యులైపోతారు, నువ్వెందుకు దాచుకుంటున్నావు అన్న ప్రశ్న ప్రతి వాదనలోనూ ఆయుధమవుతుంది. అసలు పేరు, నవ్వుతున్న ఫొటో, బహిరంగంగా ఎంతో మర్యాద ఉన్న ఒక సభ్యుడు వ్యక్తిగత సందేశాల్లో నలుగురైదుగురిని వేధిస్తున్నాడని మాకు ఆలస్యంగా తెలిసింది. అంత పెద్దమనిషి అలా చేస్తాడా అని ఎవరూ నమ్మరేమోనన్న భయంతో వారు చాలాకాలం ఫిర్యాదే చేయలేదు. ఆ కనిపించే పేరు అతనికి రక్షణగా పనిచేసింది.

మీ సహచరులతో మళ్లీ మాట్లాడే ముందు ఒక పని చేయండి. గత కొన్ని నెలల్లో మీరు తొలగించిన అత్యంత చెడ్డ పోస్టులను తీసి, ప్రతి ఒక్కటీ ఎంత వయసున్న ఖాతా నుంచి వచ్చిందో పక్కన రాయండి. ఎక్కువ భాగం వారం రోజులు కూడా నిండని ఖాతాల నుంచి వస్తే, మీ సమస్య చవకైన పేర్లది. కొత్త ఖాతాల మీద పైన చెప్పిన పరిమితులతో మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి ఉన్న, అందరికీ తెలిసిన సభ్యుల నుంచి వస్తే, వారు ఎవరో అందరికీ ఇప్పటికే తెలుసు, అయినా ఆగలేదు. అలాంటప్పుడు పాత సభ్యులని మోడరేటర్లు చూసీచూడనట్టు వదిలేస్తున్నారేమో చూడాలి. ఆ లెక్క తీశాక, సభ్యుల పేర్లు లేకుండా, ఫలితం ఇక్కడే రాస్తే ఏ మార్పు ముందు చేయాలో మరింత నిర్దిష్టంగా చెప్పగలను.